తల్లికి మన చేతివ్రాత

ధ్యానభాగములు: సామెతలు 31:10–31; రోమా 16:13; 2 యోహాను 12



మే మాసపు రెండవ ఆదివారమున తల్లుల దినము ఆచరించుట మన సంఘములలో వాడుకయైనది. చీరాల, బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతములలో ఆ ఉదయము సండేస్కూలు పిల్లలు తల్లుల చేతికి పూవులిత్తురు. యువజనులు కార్డులు పంచుదురు. హైదరాబాదులోనో, పరదేశములోనో ఉన్న కుమారుడు ఫోనులో ఒక బొమ్మ పంపును. దానిమీద గులాబీలుండును, వాటి క్రింద ఎవరో వ్రాసిన నాలుగు పంక్తులుండును. ఆ పంక్తులు ఏ తల్లికైనను సరిపోవును. అందుచేతనే అవి ఏ తల్లికిని సరిగా సరిపోవు.

కాబట్టి ఈ నెల మనము ఒక చిన్న సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము. మనలను కన్న తల్లికిని, తల్లివలె మనలను పెంచినవారికిని కార్డు వ్రాయునప్పుడు ఏమి వ్రాయవలెను?

ఇదియొక ధ్యానాంశమా అని కొందరనవచ్చును. క్రొత్త నిబంధనలోని 27 గ్రంథములలో 21 పత్రికలేయని జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు తన సంఘమును కట్టుటకు ఉత్తరములను వాడుకొనెను. చెరసాలనుండి వ్రాసిన పౌలు, తిమోతి తల్లియైన యునీకేను, అవ్వయైన లోయిని పేరు పెట్టి తలంచుకొనెను (2 తిమోతి 1:5). సంకెళ్లలోనున్నవానికి ఆ తల్లుల విశ్వాసము ఆదరణయైనది. అట్టి మాటను కాగితముమీద పెట్టుట అల్పకార్యము కాదు.

ఈ దినము ఎట్లు పుట్టెను?

అమెరికా దేశములో ఆన్ రీవ్స్ జార్విస్ అను తల్లి యుండెను. ఆమె తన బిడ్డలలో అనేకులను చిన్నతనముననే పోగొట్టుకొనెను. ఆ దుఃఖములో కూర్చుండిపోక, 1858లో తన ప్రాంతపు తల్లులను గుంపులుగా చేర్చి, ఇండ్ల పరిశుభ్రతను గూర్చియు రోగుల పరిచర్యను గూర్చియు నేర్పెను. కొలదికాలమునకు ఆ దేశములో అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆ తల్లులు ఇరుపక్షముల సైనికులకును పరిచర్య చేసిరి. ఆమె 1905 మే 9న మరణించెను. ఆమె కుమార్తె ఆనా జార్విస్ పట్టుదలవలన 1908 మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ పట్టణపు మెథడిస్టు దేవాలయములో మొదటి తల్లి దినపు ఆరాధన జరిగెను. తన తల్లికి ప్రియమైన తెల్లని కార్నేషను పూవులు 500 ఆనా ఆ ఆరాధనకు పంపెను. 1914లో అధ్యక్షుడు విల్సను మే రెండవ ఆదివారమును ఆ దేశమంతటికిని తల్లి దినముగా ప్రకటించెను.

ఈ చరిత్రలో రెండు సంగతులు మనకు ముఖ్యమైనవి. మొదటిది: ఆ దినమునకు పేరు పెట్టునప్పుడు ఏకవచనమే వాడవలెనని ఆనా పట్టుబట్టెను. లోకములోని తల్లులందరి దినము కాదు, ఎవని తల్లిని వాడు గౌరవించు దినమని ఆమె ఉద్దేశము. రెండవది: కొలది యేండ్లలోనే వర్తకులు అచ్చు కార్డులు, మిఠాయిలు, పూవులు అమ్మి ఆ దినమును సంతగా మార్చుట చూచి, తాను స్థాపించిన దినముమీద తానే పోరాడెను. తల్లికి నాలుగు మాటలు స్వయముగా వ్రాయ బద్ధకించువాడే అచ్చు కార్డు కొనునని ఆమె తలంపు. ఆమెకు బిడ్డలు లేరు. 1948 నవంబరులో ఆమె మరణించెను. ఆమె కోపము కొంత మితిమీరినదేమో గాని, ఆమె పట్టుకొన్న సత్యము మాత్రము నిలుచుచున్నది. కార్డు కొనుట తప్పు కాదు. కొన్న కార్డులో మన మాట లేకపోవుటయే లోపము.

1. ఆమె చేసిన పని చెప్పి వ్రాయుడి

సామెతల గ్రంథపు చివరి అధ్యాయములో గుణవతియైన స్త్రీని గూర్చిన స్తుతి యున్నది. ఆ స్తుతి ఎట్లున్నదో గమనించితిరా? నీవు ప్రేమమూర్తివి, త్యాగమూర్తివి అని అక్కడ లేదు. ఆమె ఉన్నిని అవిసెనారను వెదకెను, చీకటితోనే లేచెను, రాత్రి ఆమె దీపము ఆరలేదు, ఆమె చేతులు కదురు పట్టెను, ఆమె బట్టలు నేయించి వర్తకులకు అమ్మెను. వాక్యము ఆమె పనులను ఒక్కొక్కటిగా లెక్కించుచున్నది. ఆ తరువాతనే ఆమె కుమారులు లేచి ఆమెను ధన్యురాలనుచున్నారు. ముందు లెక్క, తరువాత స్తుతి.

ఈ అధ్యాయము మన చీరాల ప్రాంతపువారికి ప్రత్యేకముగా అర్థమగును. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెము, ఈపురుపాలెములలో మగ్గముల చప్పుడు మనమెరిగినదే. మగ్గముమీద కూర్చున్నవాని చేతిలో నాడె ఆడుచుండును. అయితే ఆ నాడెలోని కండె చుట్టినదెవరు? ఆసు పోసినదెవరు? ఇంటి పనియంతయు చేసికొని, రాట్నము దగ్గర కూర్చుండి, బిడ్డను ఒడిలో పెట్టుకొని కండెలు చుట్టిన తల్లియే. చీర అంగడికి పోయినప్పుడు నేతగాని పనితనమును మెచ్చుకొందురు. కండె చుట్టినదాని పేరు ఎవరును అడుగరు. కార్డు వ్రాయుట అనగా ఆ పేరు అడుగుటయే.

కాబట్టి వ్రాయకముందు ఐదు నిమిషములు ప్రార్థనలో కూర్చుండి, ఒక్క సంగతిని జ్ఞాపకము చేసికొనుడి. పది సంగతులు వద్దు, ఒక్కటి చాలును. ఆమె మాత్రమే చేసినదియు, మీరు మాత్రమే ఎరిగినదియునై యుండవలెను. చేపల గంప నెత్తిన పెట్టుకొని ఓడరేవునుండి నడచివచ్చిన తల్లికి ఆ నడకను గూర్చి వ్రాయుడి. పొగాకు గ్రేడింగు పనికి పోయి వచ్చి, ఆ ఘాటుతో దగ్గుచునే అన్నము వండిన తల్లికి ఆ అన్నమును గూర్చి వ్రాయుడి. ఉదాహరణకు ఒక కుమారుడు ఇట్లు వ్రాయవచ్చును:

“అమ్మా, నా పరీక్ష ఫీజుకు నీ చెవికమ్మలు తాకట్టు పెట్టావు. ఆ సంగతి మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను మాత్రం మరిచిపోలేదు. నీలాంటి అమ్మను ఇచ్చినందుకు దేవునికి రోజూ వందనాలు చెప్పుకుంటున్నాను.”

ఈ మాటలలో అలంకారమేమియు లేదు. అయినను ఏ అచ్చు యంత్రమును దీనిని ముద్రింపలేదు. భాష విషయమై కూడ ఒక మాట. ప్రసంగ భాషలో వ్రాయవద్దు. ఇంటిలో ఆమెతో ఎట్లు మాటలాడుదురో అట్లే వ్రాయుడి. ఇంగ్లీషులో చదువుకొన్న బిడ్డలారా, తల్లి మీకు జోల పాడిన భాషలోనే ఆమెకు వ్రాయుడి. అక్షరములు వంకరగా వచ్చినను ఆమె తప్పు పట్టదు. పౌలు తన స్వహస్తముతో ఎంత పెద్ద అక్షరములు వ్రాయుచున్నాడో చూడుమని గలతీయులకు చెప్పుకొనెను (గలతీ 6:11).

మరియొక జాగ్రత్త. అంగడి కార్డులలో తల్లిని దేవతయని వ్రాయుట కలదు. మనము దేవుని స్థానమును ఎవరికిని ఇయ్యము. మన తల్లియు కృపవలన రక్షణ పొందవలసిన మనుష్యురాలే. ఆమెను దేవతను చేసితిమేని, ఆమె అలసటను చూడము, ఆమె మోకాలి నొప్పిని అడుగము. దేవతకు ఆకలి వేయదు గదా! ఆమెను ఇచ్చిన దేవుని స్తుతించి, ఆమెను మనుష్యురాలిగా ప్రేమింతము.

2. కనకయే తల్లులైనవారిని మరువకుడి

రోమా పత్రిక చివరి అధ్యాయములో పౌలు అనేకులకు వందనములు పంపెను. రూఫునకు వందనము చెప్పుచు, అతని తల్లి తనకును తల్లియేయని కలిపి వ్రాసెను. ఆమె పేరు మనకు తెలియదు. ఏ యూరిలో ఆమె పౌలునకు అన్నము పెట్టెనో, ఏ జ్వరములో అతనికి పరిచర్య చేసెనో తెలియదు. ఆ ఒక్క మాటలో ఒక జీవితకాలపు కృతజ్ఞత ఇమిడియున్నది. తల్లివంటివారికి వ్రాయు కార్డునకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

మోషేకు ఇద్దరు తల్లులు. ఒకతె కని జమ్ముపెట్టెలో దాచెను, ఇంకొకతె నీటినుండి తీసి పెంచెను. నయోమికి కడుపున పుట్టిన కుమారులు చనిపోయినప్పుడు, కోడలు రూతు ఆమెకు బిడ్డయై నిలిచెను. దేవుని యింటిలో తల్లితనము రక్తముతో మాత్రమే కొలువబడదు.

మన గుంటూరు సీమలో దీనికి సాక్ష్యము దూరముగా వెదకనక్కరలేదు. డాక్టరు ఆనా సారా కూగ్లరు 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరునకు వచ్చెను. స్త్రీలు పురుష వైద్యులయొద్దకు పోవుటకు సంకోచించి ప్రసవవేదనలో ప్రాణములు విడుచుచున్న కాలమది. ఆమె స్త్రీలకును పిల్లలకును వైద్యము మొదలుపెట్టెను. 1898లో ఆసుపత్రి తెరువబడెను. ఆమె వివాహము చేసికొనలేదు, బిడ్డలను కనలేదు. 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆమె పేరనే ఆ ఆసుపత్రి కూగ్లరు ఆసుపత్రియని పిలువబడెను. ఆమె చేతులలో మొదటిసారి ఏడ్చిన బిడ్డలెందరో!

అంతటి పేరు లేనివారు మన సంఘములలో ఎందరు లేరు? గొడుగు పట్టుకొని, సంచిలో బైబిలు పెట్టుకొని పల్లెపల్లెకు నడచిన బైబిలు స్త్రీలు. బోర్డింగులో వందమంది పిల్లలకు తల దువ్వి, గజ్జికి మందు రాసి, ఉత్తరము రాని పిల్లను ఓదార్చిన మేట్రనమ్మలు. తల్లి పోయిన యింటికి వచ్చి, పరాయి బిడ్డలను తనవారిగా చేసికొన్న పినతల్లులు. కోడలి కాన్పునకు తన నడుము నొప్పి మరచి పథ్యము వండిన అత్తలు. తల్లిదండ్రులు పనులకై వలస పోగా మనుమలను పెంచుచున్న అమ్మమ్మలు, నాయనమ్మలు. తల్లుల దినమున వీరి చేతికి పూవు రాకపోవచ్చును. కార్డైనను పోవలెను.

“మేట్రనమ్మగారూ, హాస్టల్లో చేరిన మొదటి వారం రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఏడ్చేవాణ్ణి. మీరు ఏమీ అనకుండా వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. నిద్ర పట్టాక వెళ్లేవారు. ఇప్పుడు నా పిల్లల పక్కన నేనూ అలాగే కూర్చుంటున్నాను.”

“పిన్నీ, నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో రెండేళ్లు నిన్ను నేను పిలవనైనా లేదు. అయినా అన్నం ముందు నా కంచంలో పెట్టి, తర్వాతే తమ్ముడికి పెట్టేదానివి. అది నేను చూశాను. ఈ మాట ఇన్నాళ్లకు చెబుతున్నాను.”

పినతల్లిని కథలలో ఎప్పుడును దుష్టురాలిగానే చెప్పుదురు. అట్టి స్త్రీకి ఈ నాలుగు పంక్తులు ఎంత విలువైనవో ఊహించుకొనుడి.

3. గాయపడిన తల్లికి జాగ్రత్తగా వ్రాయుడి

తల్లుల దినము కొందరికి కన్నీటి దినము. మేము గృహదర్శనము చేయునప్పుడు, ఆ ఆదివారము గుడికి రాని తల్లులను చూచుచుందుము. ఒకతె బిడ్డను పాతిపెట్టినది. ఒకతెకు ఏండ్లు గడచినను సంతానము కలుగలేదు. పూవులు పంచువేళ తన చేయి ఎక్కడ దాచుకొనవలెనో ఆమెకు తెలియదు. ఏలీ అంతటి యాజకుడే హన్నా దుఃఖమును తెలిసికొనక, ఆమె మత్తురాలైయున్నదనుకొనెను (1 సమూయేలు 1). సేవకులమైన మేమును, సంఘమైన మీరును అట్లు తొందరపడి మాటలాడరాదు. దేవుడు ఇంకా మేలైనది ఇచ్చుననియు, అంతయు మంచికేయనియు ఆమెకు వ్రాయవద్దు. రాహేలు తన పిల్లలు లేనందున ఓదార్పు పొందనొల్లకున్నదని యిర్మీయా వ్రాసెను (31:15). వాక్యము ఆ ఏడ్పును గద్దింపలేదు.

1977 నవంబరు 19న తుపానును ఉప్పెనయు దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరములను ధ్వంసము చేసినప్పుడు వేలాదిమంది మరణించిరి. ఆనాడు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులలో బ్రదికియున్నవారు నేడు వృద్ధులు. చుట్టునున్నవారు ఆ బిడ్డల పేరు ఎత్తరు, ఎత్తినయెడల ఆమె ఏడ్చునని భయము. అయితే ఆమె మనస్సులో ఆ పేరు ప్రతిదినము పలుకుచునే యుండును. వేరొక నోట ఆ పేరు వినుట ఆమెకు ఆదరణ. కాబట్టి బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి వ్రాయునప్పుడు ఆ బిడ్డను తలంచి వ్రాయుడి.

“పెద్దమ్మా, ఈ రోజు నీకు భారంగా ఉంటుందని తెలుసు. అన్నయ్య మాకు గుర్తున్నాడు. నాకు చెరువులో ఈత నేర్పింది వాడే. సాయంత్రం నీ దగ్గర కూర్చోవడానికి వస్తున్నాం.”

ఇక తల్లితో మనస్పర్థలు గలవారికి ఒక మాట. లేని ప్రేమను ఉన్నట్లు వ్రాయవద్దు. సత్యమైన ఒక్క వాక్యము దొరకునంతవరకు వెదకుడి. నన్ను చిన్నతనమున జ్వరములో ఎత్తుకొని ఆసుపత్రికి నడచితివి అనునది సత్యమైనయెడల, అదే వ్రాసి చేవ్రాలు చేయుడి. ఒక్కొక్కప్పుడు ప్రభువు ఆ ఒక్క వాక్యముతోనే మూసిన తలుపు తెరచును.

4. చదువురాని తల్లికి ఎట్లు?

మన పల్లెలలో వేలిముద్ర వేయు తల్లులు ఇంకను ఉన్నారు. ఆమెకు చదువు రాదు గదా, కార్డు ఎందుకని విడిచిపెట్టుచున్నారు. రోమా పత్రికను పౌలు చెప్పగా తెర్తియు వ్రాసెను (16:22). ఆ కాలపు సంఘములలో అనేకులకు చదువు రాదు. ఒకడు చదువగా తక్కినవారు వినిరి. పత్రిక చెవితో వినుటకే వచ్చెను. మన తల్లులును గట్టిగా చదివిన మాట విని హృదయములో దాచుకొందురు. పూర్వము టపావాడు తెచ్చిన ఉత్తరమును వీధి అరుగుమీద చదివించుకొని, ఉభయకుశలోపరి అను మాటనుండి చేవ్రాలువరకు మరల మరల విన్న తల్లులు వీరే గదా.

కావున ఆమెకు వ్రాయునప్పుడు చిన్న వాక్యములు, పెద్ద అక్షరములు వ్రాయుడి. మనుమనిచేతనో మనుమరాలిచేతనో చదివింపుడి. ఆ పిల్లవాడు తన నాయనమ్మ ఏమేమి చేసెనో మొదటిసారి అప్పుడే తెలిసికొనును. ఆ విధముగా ఒక కార్డు రెండు తరములకు బోధించును. చదివిన తరువాత ఆమె దానిని బైబిలులోనో, ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్యనో దాచుకొనును. ఫోనులోని బొమ్మను అట్లు దాచుకొనలేదు.

హెచ్చరిక

చివరిగా ఒక గద్దింపు. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొందరిని కఠినముగా గద్దించెను. వారు తలిదండ్రులకు ఇయ్యవలసినదానిని కొర్బానుయని, అనగా దేవార్పితమని చెప్పి, వారిని ఆదుకొనక విడిచిపెట్టుచుండిరి. పవిత్రమైన మాటతో బాధ్యతను కప్పిపుచ్చిరి. నేడు కార్డు అట్టి కొర్బాను కాకూడదు. తల్లి కంటికి శుక్లములు వచ్చి ఆరు నెలలైనను డాక్టరునొద్దకు తీసికొనిపోనివాడు, నీవే నా వెలుగు అని బంగారు అక్షరములతో కార్డు పంపిన నేమి ప్రయోజనము? అన్నదమ్ములు నెలకొకరి యింట తల్లిని వంతులు వేసికొని, ముప్పదియొకటవ దినము ఎవరిదని తగవులాడు ఇండ్లు మన సంఘములలో లేవా?

మన ప్రభువు సిలువమీదనుండి తన తల్లిని చూచెను. ఆయన ఆమెకు ఓదార్పు మాట మాత్రమే చెప్పి విడువలేదు, ఉండుటకు ఒక యిల్లు ఏర్పరచెను. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను (యోహాను 19:26, 27). మేకుల బాధలో లోకపాపమును మోయుచున్నవాడు తల్లికి రాత్రి తలదాచుకొను చోటును గూర్చి ఆలోచించెను. మాట వెనుక ఇల్లు ఉండవలెను. కార్డు వెనుక అన్నము, మందు, మన రాక ఉండవలెను.

యోహాను రెండవ పత్రికలో 13 వచనములే గలవు. ఒక అమ్మగారికిని ఆమె పిల్లలకును వ్రాసినట్లు అది మొదలగుచున్నది. ఆమె ఒక స్త్రీయని కొందరు, సంఘమని కొందరు చెప్పుదురు. ఆ పత్రిక ముగింపులో వృద్ధుడైన అపొస్తలుడు, వ్రాయవలసిన సంగతులు ఇంకను ఉన్నను సిరాను కాగితమును నమ్ముకొనక, వచ్చి ముఖాముఖిగా మాటలాడ నిరీక్షించుచున్నానని చెప్పెను. మన కార్డులోను చివరి పంక్తి అదియే కావలెను: ఫలాని దినము వచ్చుచున్నాను. తేదీ వేయుడి. ఆ తేదీని తప్పకుడి.

ఈ వారము చేయవలసిన పని

ఒక కార్డు తీసికొనుడి, లేదా తెల్లకాగితము మడిచి చేసికొనుడి. ఆమెను మీరు పిలుచు పిలుపుతో మొదలుపెట్టుడి. ఆమె చేసిన ఒక్క పనిని వ్రాయుడి. దేవునికి వందనము చెల్లించుడి. వచ్చు తేదీ వేసి చేవ్రాలు చేయుడి. తల్లి ప్రభువునొద్దకు పోయినవారు, ఆమె స్నేహితురాలికో, మన సంఘములో బిడ్డలు లేని ఒక విధవరాలికో వ్రాయుడి. మే మాసము దాటిపోయినదని ఆగవద్దు. సమాధిమీద పెట్టు పూవులకు పరిమళము ఉండును గాని, దానిని ఆఘ్రాణించుటకు ఆమె ఉండదు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, తల్లి ఆదరించునట్లు నీ ప్రజలను ఆదరించువాడవు నీవే. మమ్మును కన్నవారికొరకును, కనకయే పెంచినవారికొరకును నీకు స్తోత్రములు. మేము చెప్పక మిగిల్చిన మాటను వారు బ్రదికియుండగనే చెప్పుటకు మాకు ధైర్యమిమ్ము. మా చేతులు వ్రాసినదానిని మా పాదములు, మా సంపాదన నెరవేర్చునట్లు చేయుము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులయొద్ద నీవే కూర్చుండుము. సిలువమీద తల్లిని మరువని నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.